మెడ వదలని పాట

మా తండాలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు ఊరికే ఏడిస్తే చాలదు, పాడాలి. ఏడుపు ఎవరికైనా వస్తుంది, పాట రావడమే కష్టం. దాన్ని ఢావ్లో అంటాం. ఒక్కొక్క చుట్టం మెడ చుట్టూ చేతులు వేసి, ఆ మనిషి తనకు చేసిన మంచీ చెడూ రాగం తీసి చెప్పుకోవాలి. దీనికో కట్టుబాటుంది. పెళ్లికూతురు మెడ పట్టుకుంటే, తనంతట తాను వదిలేదాకా ఆ మనిషి కదలకూడదు, మాటకు మాట చెప్పకూడదు. పుట్టినప్పటి నుంచి మమ్మల్ని నోర్ముయ్ అన్నవాళ్ళందరూ ఆ ఒక్కరోజు నోరు మూసుకుని వినాలి. ఈ కట్టుబాటు పెట్టిన ముసలమ్మ ఎవరో గానీ ఆమె కాళ్ళకు దండం పెడతాను.

మూడేళ్ళ కిందట యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి మా దాదీ పాట రికార్డు చేసుకుపోయాడు. దాదీ అంటే మా నాయనమ్మ, పేరు ద్వాలి. ఆ రోజు ఆమె తమ్ముడు హాతీరాం చాలా కాలం తర్వాత చూడటానికి వస్తే, అతని మెడ పట్టుకుని పాడిన పాట అది. చాలా రోజులకు కలిసిన చుట్టాల మెడ పట్టుకుని కూడా మా ఆడవాళ్ళు ఢావ్లో పాడతారు. ఎవరు ఎవరికి పంపారో ఏమో, ఆర్నెల్లు తిరిగేసరికి చుట్టుపక్కల తండాల్లో అందరి ఫోన్లలోనూ అదే. నాలుగు నిమిషాల పాట. పెళ్లి కుదరగానే ఆడపిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దాన్నే బట్టీ కొట్టడం మొదలుపెట్టారు.

పోయినేడు మంగీలాల్ కూతురు పెళ్లిలో ఆ పిల్ల తండ్రి మెడ పట్టుకుని, ‘ఓ హాతీరాం భియా, నా మిర్చి చేనుకు కంచె కట్టిన భియా’ అని ఎత్తుకుంది. భియా అంటే సోదరుడు. ఆ పిల్లకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. వాళ్ళకు మిర్చి చేను కూడా లేదు, మంగీలాల్ ఆర్టీసీ కండక్టరు. పాపం, మెడ కదపకూడదు కాబట్టి కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పి, ఈ హాతీరాం ఎవడా అని వెతికాడు. ఆడవాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలియక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మా దాదీ మాత్రం లేచి నిలబడి అరిచింది.

“నా తమ్మున్ని పట్టుకొని మీరెందుకు ఏడుస్తుండ్రే? మీకు సొంత బాధలు లెవ్వా?”

ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వినదాన్ని నేను. ఏడాది తిరక్కుండానే నాకూ పెళ్లి కుదిరింది.

నా పేరు భాను. దమ్మపేటలో మండలాఫీసు కంప్యూటర్ ఆపరేటర్‌ని. పెళ్లికొడుకు మోతీలాల్ బూర్గంపాడులో కరెంటు లైన్‌మన్. నాకు ఏదైనా రెండుసార్లు చదివితే చాలు, వచ్చేస్తుంది. ఊళ్ళో సగం మంది రేషన్ కార్డు నంబర్లు చూడకుండా చెప్పగలను. ఈ బట్టీ విద్య నేర్పింది మా కాకా బలరాం. కాకా అంటే చిన్నాన్న, మా తండా బళ్ళో టీచరు. నేను ఇంటర్‌లో ఉండగా మా నాన్న హీరాలాల్ గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా మా ఇంటికి పెద్ద కాకాయే. మంచివాడు. ఆయన మంచివాడు కాకపోతే ఈ కథ నాకింత కష్టం అయ్యేది కాదు.

పెళ్లికి ఇరవై రోజులుందనగా దాదీ దగ్గర కూర్చున్నాను. మిర్చి తొడిమలు తీసే కాలం అది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మిర్చి కుప్పకు చెరో పక్కా కూర్చునేవాళ్ళం. మొదటి రోజు గొప్ప కోసం ఆ నాలుగు నిమిషాల పాటా పొల్లు పోకుండా పాడి వినిపించాను. దాదీ చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు.

“ఇది నాది. నీది పాడు.”

“నాదెక్కడుంది? నువ్వు నేర్పితేనే గదా వచ్చేది.”

వారం రోజులు ఆమె నాకు ఒక్క మాట కూడా నేర్పలేదు. ఊపిరి నేర్పింది. పిలుపు ఎంత పొడుగు తీయాలి, గొంతు ఎక్కడ విరగాలి, విరిగిన గొంతును మళ్ళీ ఎక్కడ అందుకోవాలి. దేనికైనా తొడిమలతోనే లెక్క. ఏడు తొడిమలు తుంచేదాకా పిలుపు, ఎనిమిదో తొడిమకు వెక్కు. అది ఒక్కటి తప్పితే ఊరుకునేది కాదు. వందసార్లు, రెండు వందలసార్లు అదే. ఘాటుకు ముక్కు కారుతుంటే, చేతులు మండుతుంటే, అదే పిలుపు, అదే వెక్కు.

“ఇది బట్టీ కాదా మరి?” అన్నాను ఒళ్ళు మండి.

“బట్టీయే. ఇది నిద్రల లేపి అడిగినా రావాలె. మాటలు మాత్రం రేపటికి మిగలొద్దు.”

రెండో వారం మాటలకు దిగాం. రోజుకొక మెడ ఇచ్చేది. ఒకరోజు మా ఆఫీసరు మెడ, ఒకరోజు చెయ్యెత్తినా ఆగకుండా పోయిన బస్సు డ్రైవరు మెడ, ఒకరోజు మా మేక మెడ. మేకను నిజంగానే పట్టుకుని పాడాను. కట్టుబాటు తెలియని జంతువు కాబట్టి మధ్యలోనే విదిలించుకుని పోయింది. నిన్న పాడిన చరణం ఇవాళ మళ్ళీ నా నోట వచ్చిందా, దాదీ గుప్పెడు తొడిమలు నా ఒళ్ళో పోసేది.

“చద్ది పెట్టకే! చేద తాడు నిన్నటిదే ఉంటది, ఎవరొద్దన్నరు? నీళ్ళు మాత్రం ఇయ్యాల తోడుకోవాలె.”

నాకది అర్థమైంది, కానీ నమ్మకం కుదరలేదు. ముందే బట్టీ కొట్టకపోతే పరీక్ష రాయలేని మనిషిని నేను. అందుకే దాదీకి తెలియకుండా, మా యాడీ కోసం ఫోన్లో నలభై రెండు పంక్తులు రాసి పెట్టుకున్నాను. యాడీ అంటే మా భాషలో అమ్మ. పేరు సోని. నాకు ఈ పెళ్లిలో నగలు, వీడియోలు, భోజనాలు ఏవీ పట్టలేదు. ఒక్కటే కావాలి. అంతమంది ముందు యాడీ మెడ పట్టుకుని, ఆమె నాకు ఏం చేసిందో పేరు పేరునా చెప్పాలి. నాన్న పోయాక ఎండలో మిర్చి ఏరింది, కాకా బళ్ళోనే మధ్యాహ్న భోజనం వండింది, నన్ను డిగ్రీ చదివించింది. ఆమె గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క మంచి మాట పైకి అనలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా యాడీ అడక్కుండానే పెట్టింది, అందుకే ఎవరికీ కనపడలేదు.

పెళ్లికి నాలుగు రోజులుందనగా కాకా వచ్చాడు. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు. టీచరు కదా, పెళ్లికి కూడా టైంటేబుల్ వేశాడు. నేను వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఒకచోట ఆగాను. సాయంత్రం 4.10 నుంచి 4.14 వరకు ఢావ్లో, పక్కన బ్రాకెట్లో ఆడియో అని ఉంది.

“ఆడియో ఏంది కాకా?”

“డీజే అర్షద్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చిన. మా అమ్మ పాటనే. నువ్వు నా మెడ మీద తల పెట్టి ఊకో. వీడియోల మంచిగొస్తది, తప్పు పోదు.”

“మరి యాడీ మెడ ఎప్పుడు పట్టుకోవాలె? ఇందుల లేదే.”

కాకా కాగితాల అంచులు సరిచేశాడు. అప్పటికే సరిగ్గానే ఉన్నాయవి.

“వదినెకు, అమ్మకు పక్క రూంల కూలర్ పెట్టిపిస్తున్న. పెనిమిటి లేనోళ్ళు అప్పగింతల ఎదురుంగ ఉండొద్దంట. పంతులు చెప్పిండు.”

“మన తండాల ఎన్నడన్న ఉన్నదా గిట్ల?”

“తండాల లేనియి శానా ఉన్నయి. ఫంక్షన్ హాల్ ఉన్నదా? పెండ్లికొడుకు తరఫోళ్ళు ఏమనుకుంటరో ఎరుకేనా నీకు?”

చదవేస్తే ఉన్న మతి పోవడం అంటే ఇదే. ఎవరో చెప్పిన మాటను ఎక్కంలా అప్పజెబుతున్నాడు. అప్పటికప్పుడే మోతీలాల్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. వాళ్ళ నాన్న కూడా లేడు. సంగతి విని అతను, “మరి మా అమ్మను ఏ కూలర్ ముందట కూసోబెడుతడంట మీ కాకా?” అన్నాడు. కాకా ఫోన్ వైపు చూడకుండా, “వాళ్ళ ఇష్టం వాళ్ళది. మన పద్ధతి మనది,” అని వెళ్ళిపోయాడు. మన పద్ధతట. నాలుగు రోజుల వయసున్న పద్ధతి.

యాడీ ఏమీ కానట్టు బియ్యం చెరుగుతోంది.

“ఎందుకే లొల్లి. ఆ రూంకు కిటికీ ఉన్నది. కనపడ్తది నాకు,” అంది.

కాకా మీద వచ్చినదానికంటే ఆ మాట అన్న యాడీ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. దాదీ మీద కూడా అరిచాను.

“ఆయన నీ కొడుకే గదా. నువ్వు యాడీని తీసుకొని బయటికి వస్తే ఎవడాపుతడు?”

“ఎవడూ ఆపడు,” అంది దాదీ తొడిమ తుంచుతూ. “అయినా రాను. పిలవని పేరంటానికి దొంగలెక్క సందుల నుంచి వస్తనా నేను? నా కొడుకు నోరు తెరిచి పిలవాలె. పిలిపిచ్చుడు నీ పని. మెడ నీ చేతుల్లనే ఉంటది గదా.”

పెళ్లి దమ్మపేట ఫంక్షన్ హాల్లో జరిగింది. అంతా టైంటేబుల్ ప్రకారమే. సరిగ్గా నాలుగూ పదికి నన్ను హాలు మధ్యకు తెచ్చి నిలబెట్టారు. వీడియో లైటు మొహం మీద పడింది. మోతీలాల్ వాళ్ళమ్మ నాకు ఎదురుగానే, ముందు వరుసలో దర్జాగా కూర్చుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాకా ముందుకొచ్చి, తల ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నట్టు భుజం ఒంచాడు. ఆయన మెడ చుట్టూ చేతులు వేశాను. స్పీకర్లలోంచి దాదీ గొంతు గోడలదిరేలా వచ్చింది. ఓ హాతీరాం భియా.

కాకా భుజం మీదుగా చూశాను. పక్క రూం తలుపు వేసి ఉంది. కిటికీ చువ్వల మధ్య యాడీ కన్ను ఒకటి, ముక్కు సగం కనిపించాయి.

ఇక చాలనిపించింది. తల ఎత్తి అరిచాను.

“అర్షద్ భాయ్, బంద్ చెయ్!”

అర్షద్ సత్తుపల్లి నుంచి వచ్చిన సౌండ్ సిస్టం ఆయన. కాకా వైపు చూశాడు. కాకా కానివ్వమని చెయ్యి ఊపాడు. అర్షద్ నా మొహం ఒకసారి, కాకా చెయ్యి ఒకసారి చూసి, “సార్, మాట పెండ్లి పిల్లది గదా,” అని బటన్ నొక్కేశాడు.

మూడు వందల మంది నన్నే చూస్తున్నారు. నేను రాసుకున్న నలభై రెండు పంక్తులూ యాడీ కోసం రాసినవి, కాకా కోసం ఒక్క ముక్క కూడా లేదు. బుర్రలో ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి బట్టీ కొట్టకుండా పరీక్షకు వచ్చాను. అప్పుడు నోరు తనంతట తానే తెరుచుకుంది. ఓ కాకా అని పిలుపు సాగింది. ఏడు తొడిమలు. ఎనిమిదో తొడిమకు వెక్కు. మళ్ళీ పిలుపు, మళ్ళీ వెక్కు. మూడో పిలుపు చివర మాటలు వచ్చాయి. మా భాషలో పాడాను, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఓ కాకా, నాన్న పోయి ఇరవై రోజులు కాకముందే నాకు పరీక్ష వచ్చింది కాకా. సత్తుపల్లి దాకా వానలో బండి మీద తీసుకుపోయావు. ఉన్నది ఒక్కటే కవరు కాకా, నీ తలకు కప్పుకోలేదు, నా హాల్‌టికెట్‌కు చుట్టావు.

ఆయన మెడ నా చేతుల్లో కదిలింది. అది నాకు గుర్తుందని ఆయనకు తెలియదు. పాడేదాకా నాకూ తెలియదు.

ఓ కాకా, ఎక్కాలు నేర్పావు, పద్యాలు నేర్పావు. తప్పు చెబితే ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించావు. ఇప్పుడు నువ్వు తప్పు చెప్పావు కాకా. మళ్ళీ మొదటి నుంచి చెప్పు కాకా.

ఆడవాళ్ళలో కదలిక వచ్చింది. మంగీలాల్ భార్య నా వెనక చేరి నా పిలుపు అందుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు.

నిన్ను కన్నది ఎవరు కాకా? తలుపు వెనక ఉంది. నన్ను కన్నది ఎవరు కాకా? తలుపు వెనక ఉంది. నీ బళ్ళో పిల్లలకు అన్నం వండి పెట్టే చెయ్యి మంచిదైంది కాకా, నా తల మీద పెడితే చెడ్డదయిందా?

“చాలు భానూ. వదులు,” అన్నాడు కాకా నా చెవిలో.

“మాట్లాడొద్దు బలరాం!” అని ఆడవాళ్ళ గుంపులోంచి నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి. కట్టుబాటు ఎవరి కోసమూ మారదు. కాకా నోరు మూసుకున్నాడు.

నాలుగూ పద్నాలుగు దాటింది. నాలుగున్నర దాటింది. చేతులు లాగుతున్నాయి, గొంతు బొంగురు పోయింది. ఒకచోట నా లెక్క తప్పింది. వెక్కు ఎక్కడ రావాలో తెలియలేదు, ఊపిరి అందలేదు. అప్పుడు కిటికీ దగ్గర టక్ టక్ మని చప్పుడు వినిపించింది. దాదీ తన కడియంతో చువ్వ మీద కొడుతోంది. ఏడు దెబ్బలు, ఆగింది. ఏడు దెబ్బలు, ఆగింది. ఆ చప్పుడును పట్టుకుని మళ్ళీ ఎక్కాను.

కూలర్ పెట్టించావు కాకా, లోపల చల్లగా ఉంది. తొమ్మిది ఎండాకాలాలు మా యాడీ చేలో ఒంగినప్పుడు ఏ కూలర్ పెట్టించావు కాకా?

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. కాకా చెవులు ఎర్రబడ్డాయి. పంతులు గడియారం చూసుకుని, వర్జ్యం వస్తుందని ఎవరితోనో అన్నాడు. రానీ అనుకున్నాను. నాకు ఇంకెంతసేపైనా పాడగలనని తెలిసిపోయింది. రాసుకున్నదైతే అయిపోతుంది. ఇది అయిపోయేది కాదు. తొమ్మిదేళ్ళది ఉంది.

ఈ మెడ వదలను కాకా. రేపు బడి ఉంది, నన్ను మెడలో వేసుకునే పో. ఎల్లుండి జీతం రోజు, నన్ను మెడలో వేసుకునే సంతకం పెట్టు. వాళ్ళను నువ్వు పిలిచేదాకా ఈ చేతులు విడిపోవు కాకా.

నా భుజానికి తడి తగిలింది. కాకా ఏడుస్తున్నాడు. మాట్లాడకూడదు కాబట్టి చెయ్యి ఎత్తి తలుపు వైపు ఊపాడు. ఆయన కూతురు శ్రావణి, డిగ్రీ చదువుతోంది, దీనికోసమే కాచుకున్నట్టు పరుగెత్తి తలుపు తీసింది. ముందు దాదీ వచ్చింది. గడప మీదే ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏందిరా, పిలిచినవా, లేకపోతే ఈగలు తోలినవా?”

“దా యాడీ,” అన్నాడు కాకా. ఈసారి ఆడవాళ్ళెవరూ ఆయన నోరు మూయించలేదు. టీచరయ్యాక ఆయన నోట యాడీ అన్న మాట వినడం నాకదే మొదటిసారి. తర్వాత దాదీ వెనక చూసి, ఇంకా గట్టిగా అన్నాడు. “దా వదినె. తప్పయింది. దా.”

యాడీ తల వంచుకుని, ఎవరి కాళ్ళో తొక్కుతానేమో అన్నట్టు నడిచి వచ్చింది. నేను కాకా మెడ వదిలి, నా తల ఆయన కాళ్ళ దాకా వంచి, లేచి యాడీ మెడ పట్టుకున్నాను. మిర్చి పని ఆపి మూడు రోజులైనా ఆమె చేతుల్లో ఆ ఘాటు పోలేదు. నా మెడకు తగిలి మండింది.

ఓ యాడీ అని పిలిచాను. ఏడు తొడిమలు, వెక్కు. ఇప్పుడు మాటలు రావాలి. నలభై రెండు పంక్తులున్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. కొత్తది కూడా రాలేదు. కాకాను నిలబెట్టి అంతసేపు అడిగినదాన్ని, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట లేదు. పిలుపు మాత్రమే ఉంది, వెక్కు మాత్రమే ఉంది. అదే పాడాను. ఓ యాడీ, ఓ యాడీ. దాదీ వారం రోజులు మాటలు లేకుండా ఎందుకు నేర్పిందో అప్పుడు తెలిసింది. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ గడియారం చూడలేదు. నా పిలుపు ఆగినచోట వెనక ఆడవాళ్ళు అందుకున్నారు, వాళ్ళు ఆగినచోట నేను అందుకున్నాను.

బయట కారు హారన్ కొట్టారు. మళ్ళీ కొట్టారు. కొట్టొద్దని మోతీలాల్ ఎవరినో కసురుతున్నాడు.

“ఇగ వదులే బిడ్డా. కారు ఆగింది. అందరు చూస్తుండ్రు,” అంది యాడీ నా చెవిలో, కంగారుగా.

చూడనీ అనుకున్నాను. తొమ్మిదేళ్ళు ఎవరూ చూడలేదు కదా. పెళ్లికూతురు వదిలేదాకా కదలకూడదు. అది మా కట్టుబాటు, నాలుగు రోజులది కాదు, ఎవరూ కాగితం మీద రాయనిది. యాడీ కదలలేదు.

నేను వదల్లేదు.